ఎక్కించడం తేలికే, దింపడమే కష్టం

ఉదయం విశాఖలోని ఎం.వి.పి. కాలనీ రైతుబజారు నుంచి కూరగాయల సంచితో వచ్చినది మొదలు మధ్యాహ్నం దాకా తెల్లకాగితాల మీద గళ్లు గీస్తూనే గడిపాను. మేము నలుగురం తీరిక వేళల్లో రాస్తున్న ఓపెన్ సోర్స్ జావా అప్లికేషన్ సర్వర్‌ను (ఇతర ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) ప్లగిన్ల పద్ధతికి, అంటే విడివిడిగా ఎక్కించి దింపగల భాగాలుగా, మార్చాలని పోయిన నెలలోనే అనుకున్నాం గానీ, కోర్‌లో, అంటే ఎప్పుడూ ఉండే మూల భాగంలో, ఏది ఉండాలన్న దగ్గరే ఆగిపోయాం. వెబ్ కంటైనర్, ట్రాన్సాక్షన్లు, మెసేజింగ్, అడ్మిన్ కన్సోల్ అన్నీ ప్లగిన్లు కావాలనీ, కాన్ఫిగరేషన్, లాగింగ్, సర్వీసుల పట్టిక మాత్రమే కోర్‌లో మిగలాలనీ ఈ రోజు నిశ్చయించుకున్నాను. ఇందులో కొత్తదనమేమీ లేదు. ఇలాంటి సర్వర్లే, 2009లో గ్లాస్‌ఫిష్ 3 ఓఎస్‌జీఐ అనే మాడ్యూళ్ల ప్రమాణం మీద, 2011లో జేబాస్ 7 తన సొంత మాడ్యూళ్ల మీద ఈ దారినే నడిచాయి.

ఒక్కొక్క ప్లగిన్‌కు వేరే క్లాస్‌లోడర్ (క్లాసులను, అంటే కోడ్ ముక్కలను, మెమరీలోకి చదివే భాగం) ఇస్తే, ఒకటి పాత లైబ్రరీని, మరొకటి కొత్తదాన్ని వాడుకున్నా గొడవ రాదు. అయితే రెండూ పంచుకునే ఇంటర్‌ఫేస్‌ను (రెండిటి మధ్య ఒప్పందం లాంటి కోడ్‌ను) మాత్రం వాటికి పైనున్న ఒకే లోడర్ చదవాలి. లేకపోతే పేరొకటే అయినా జావా దృష్టిలో అవి వేర్వేరు క్లాసులే.

అసలు తిప్పలు దింపడంలో ఉన్నాయి. ప్లగిన్ మొదలుపెట్టిన ఒక్క థ్రెడ్ (మిగతా వాటితో పాటు సమాంతరంగా సాగే పని) ఆగకపోయినా, సర్వర్ థ్రెడ్ల థ్రెడ్‌లోకల్‌లో (ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఉండే నిల్వలో) ఆ ప్లగిన్ ఆబ్జెక్టు ఒక్కటి చిక్కుకున్నా, ఆ క్లాస్‌లోడర్ తాను చదివిన క్లాసులన్నిటితో సహా మెమరీలో ఉండిపోతుంది. వాడుకలో లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ దాని జోలికి పోదు. పోయిన వారం నమూనాలో ఒకే ప్లగిన్‌ను పదే పదే ఎక్కించి దింపితే మెటాస్పేస్ (క్లాసుల వివరాలుండే మెమరీ) పెరుగుతూనే పోయింది. రెండు రాత్రులు వెతికితే దొరికిన దొంగ, నేనే రాసి మరచిపోయిన టైమర్.

సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూ ఈ గోడు పోర్టులో పనిచేసే మా బావకు చెప్పాను. "ముందు రేవులో దిగే సరుకు పైన ఉండాలి కదా, ఎక్కించేటప్పుడే ఆ లెక్క చూసుకుంటాం" అన్నాడు, వేరుశనగలు ఒలుచుకుంటూ. కంప్యూటర్ సంగతి ఆయనకు పట్టదు గానీ, మాట మాత్రం సరిగ్గా తగిలింది. డిపెండెన్సీల వరుసలో, అంటే ఏది దేని మీద ఆధారపడిందో చూసుకుని, ఎక్కించి, అదే వరుసను తిరగేసి ఆపాలి; థ్రెడ్లనూ టైమర్లనూ ప్లగిన్లు సొంతంగా సృష్టించుకోకుండా కోర్‌ను అడిగి తీసుకుంటే, ఆపే వేళ కోర్ చేతిలో వాటి జాబితా ఉంటుంది.

అయినా మొదటి విడుదలలో, నడుస్తున్న సర్వర్ నుంచి ప్లగిన్‌ను తీసే సౌకర్యం ఇవ్వకూడదని, తీసినది రీస్టార్ట్ తరువాతే పోతుందని రాత్రి మిగతా ముగ్గురికీ రాశాను. ఒకరు తప్పక అభ్యంతరం చెబుతారు; ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు మొదటి వాక్యంలో "రీస్టార్ట్ అక్కరలేదు" అని రాసింది నేనే మరి.