మా విమానమా, మన విమానమా?

మా పదేళ్లవాడికి తెలుగు బాగానే వచ్చు. తంటా అంతా 'మా', 'మన' దగ్గరే. ఇంగ్లిషులో రెంటికీ ఒకటే మాట కదా! నాతోనే "మా ఇల్లు" అంటాడు, నేనేదో వాళ్లింట్లో అద్దెకున్నట్టు.

అమెరికాలోని టూసాన్‌లో ఐదేళ్లుగా ఉంటున్నా పిమా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం వైపు ఎప్పుడూ వెళ్లలేదు. మొన్న వాడి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం ఒకటి ఎంచుకోవాలట. వాడు బి-24 లిబరేటర్ అనే బాంబర్ ముందు ఆగిపోయాడు. నాలుగు ఇంజిన్లు, పదిమంది సిబ్బంది పట్టే పొట్ట. మిషిగన్‌లోని విల్లో రన్‌లో ఫోర్డ్ కంపెనీ ఒక దశలో గంటకొకటి చొప్పున వీటిని తయారు చేసింది. అన్ని ఫ్యాక్టరీలూ కలిపి 18 వేలకు పైగా చేశాయి.

"మేము గంటకొకటి చేశామా!" అన్నాడు. ఆ 'మేము'లో నేను లేను. 1943 ఆగస్టు 1న రుమేనియాలోని ప్లోయెస్తి చమురు కేంద్రాల మీద బాంబులు వేయడానికి ఇవి 170కి పైగా వెళితే 50కి పైగా పోయాయని చెప్పాను. గొంతు తగ్గించి, "అందులో వాళ్లంతా చనిపోయారా?" అన్నాడు. అందరూ కాదు, కొందరు ఖైదీలయ్యారు అన్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఈ విమానం ఇండియా నుంచి వచ్చింది.

యుద్ధంలో అమెరికా లెండ్-లీజ్ కింద, అంటే మిత్రదేశాలకి యుద్ధ సామగ్రి అరువిచ్చే పథకం కింద, బ్రిటిష్ వాళ్లకి ఇచ్చిన లిబరేటర్లు బర్మా యుద్ధం కోసం మన దేశానికి వచ్చాయి. యుద్ధం అయ్యాక చాలావాటిని కాన్పూర్‌లో వదిలేశారు. ఇంకెవరూ వాడకుండా లారీలతో గుద్దించారని, ఇంజిన్లలో ఇసుక పోశారని చెబుతారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు ఆ తుక్కులోంచే 40కి పైగా విమానాలను లేపారు. ఒకదాని భాగాలు ఇంకోదానికి బిగించి, గాల్లోకి లేస్తే చాలన్నంత వరకు కాన్పూర్‌లో చేసి, మిగతా పని బెంగళూరులో పూర్తి చేశారు. మధ్యలో ఆ అతుకుల విమానాలను నడిపిన పైలట్ జంషెడ్ మున్షీ. ఆయన ఇంట్లోవాళ్ల టెన్షన్ తలుచుకుంటేనే నాకు భయం వేసింది.

1948 నవంబరులో మన వైమానిక దళం ఐదో స్క్వాడ్రన్ వీటితోనే మొదలైంది. తర్వాత సముద్రం మీద గస్తీకి వాడుతూ 1968 దాకా నడిపారు. ఆలోపు అమెరికాలో తమ లిబరేటర్లను దాదాపు అన్నిటినీ కోసి కరిగించేశారు. ఇండియా ఇచ్చిన ఈ విమానం 1969లో ఎగురుకుంటూ టూసాన్‌కి వచ్చింది.

"మరి ఇండియా గుర్తు ఏది?" అని మావాడు విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. లేదు. మళ్లీ అమెరికా రంగులే వేశారు. వాడికి కోపం వచ్చింది, నాకు నవ్వొచ్చింది. పొద్దున 'మేము' అన్నది ఇతనేనా అని.

రాత్రి తెనాలికి ఫోన్ చేసి, "తాతయ్యా, మా ఊళ్లో మన బాంబర్ ఉంది!" అన్నాడు. రెండూ సరిగ్గా పడ్డాయి. నేను గమనించానని వాడికి తెలీదు.

తాతయ్య కథంతా విన్నారు. "ఇండియా నుంచి ఎగిరే వచ్చిందా! మధ్యలో పెట్రోలు ఎక్కడ కొట్టించార్రా?"

వాడు ఫోన్ నా చేతిలో పెట్టి జారుకున్నాడు.