అరెస్టు చేయకపోతే బాధ లేనట్టేనా?

నేను లా విద్యార్థులకు మానవ హక్కుల పేపర్ చెబుతాను. లైంగికత పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "స్వలింగ సంబంధాలను నేరమనే సెక్షన్ ఉన్నా, దాని కింద ఎవర్నీ పట్టుకోకపోతే గొడవేంటి మేడమ్?"

అప్పుడు టూనెన్ కేసు తీస్తాను. నికొలస్ టూనెన్‌ది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా. ఇద్దరు మగవాళ్లు ఇష్టపడి శారీరకంగా కలిసినా అప్పట్లో అక్కడ నేరమే. ఆయన మీద కేసేమీ లేదు. ఏళ్ల తరబడి ఎవరి మీదా పెట్టలేదు. అయినా ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదు వల్ల ఎయిడ్స్ సంస్థలో తన ఉద్యోగం కూడా పోయిందని చెప్పుకున్నారు.

1994లో కమిటీ ఆయన పక్షాన నిలిచింది. ఇన్నాళ్లూ కేసులు పెట్టలేదు సరే, ఇకముందు పెట్టరని హామీ ఏది? చట్టం అలా ఉన్నంతకాలం వ్యక్తిగత జీవితంలో జోక్యం ఉన్నట్టేనంది. ఎయిడ్స్‌ను ఆపడానికే ఆ చట్టమని టాస్మేనియా వాదించింది (భయపడి దాక్కున్న మనిషి పరీక్షకు ఎలా వస్తాడో మరి!). ఆ వాదనను ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకోలేదు, కమిటీ అసలే ఒప్పుకోలేదు. టాస్మేనియా మాత్రం 1997 దాకా మొండికేసింది.

శ్రీలంక ఇంకో అడుగు వేసింది. మగవాళ్లకే ఉన్న ఇలాంటి సెక్షన్‌ను 1995లో ఆడవాళ్లకీ చుట్టింది. అక్కడి ఉద్యమకారిణి రోసానా ఫ్లేమర్-కాల్డెరా ఫిర్యాదుపై 2022లో, మహిళలపై వివక్షను పరిశీలించే ఐరాస కమిటీ అది తప్పని తేల్చింది.

ఇంతకీ నాకు బాగా నచ్చేది 2017 నాటి 'జి' కేసు. అందులో పోలీసులు లేరు, నేరమూ లేదు, ఉన్నదల్లా ఒక కాగితం. జి ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై స్త్రీగా బతుకుతున్న మనిషి. ఆస్ట్రేలియా ఇచ్చిన పాస్‌పోర్టులో స్త్రీ అనే ఉంది. జనన ధ్రువపత్రంలో మాత్రం పురుషుడు. అది మార్చాలంటే పెళ్లయి ఉండకూడదని ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర చట్టం. జికి పెళ్లయింది, ఆ దంపతులు అన్యోన్యంగానే ఉన్నారు, విడాకులు వాళ్లకి అక్కర్లేదు. కాగితంలో ఒక్క మాట దిద్దడానికి కాపురం కూల్చుకోమనడం ఏం న్యాయం? అది గోప్యతకూ సమానత్వానికీ భంగమని మానవ హక్కుల కమిటీ తేల్చింది. మరుసటి ఏడాది న్యూ సౌత్ వేల్స్ ఆ షరతు తీసేసింది.