గట్లు లేని చేలో ఫార్గో ట్రాక్టర్

మా ఊళ్లో అమెరికా బండి అంటే జాన్ డీర్. అది పుణే దగ్గర తయారవుతుందని తెలిశాక కూడా ఆ పేరు పోలేదు. మా నాయనది నంద్యాల పక్క నల్లరేగడి సేద్యం. మాకున్నది 45 హెచ్‌పీ బండి. దాని మడ్‌గార్డు మీద కూర్చునే పెరిగాను, కాబట్టి ట్రాక్టర్ కనబడితే ఆగి చూడ్డం నాకు జబ్బులాంటిది. జర్మనీకొచ్చి మాగ్దెబుర్గ్‌లో ఉద్యోగంలో కుదురుకున్న రెండేళ్లలో ఈ జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. పోయిన సెప్టెంబరులో నాతో పనిచేసే ఒకావిడ, "మా చిన్నాన్న వాళ్ల దగ్గర కొయ్యకాళ్లు దున్నుతున్నారు, శనివారం వస్తావా?" అని అడిగింది. శుక్రవారం రాత్రే బూట్లు తుడిచి పెట్టుకున్నాను.

ఊరికి దక్షిణాన అరగంట ప్రయాణం. ఆ ప్రాంతాన్ని మాగ్దెబుర్గ్ బోర్డె అంటారు. కారు షోనెబెక్ దాటాక చెట్లు పలచబడ్డాయి, ఇళ్లు వెనకబడ్డాయి, నేల నల్లబడింది. నల్లగా అంటే మా రేగడిలా పగుళ్లు విచ్చే నలుపు కాదు, పిడికిట్లో పడితే పిండిలా రాలే నలుపు. 1934లో జర్మనీ అంతటా నేలలకి మార్కులు వేసినప్పుడు నూటికి నూరు వచ్చిన చేను ఇక్కడి ఐకెన్‌డోర్ఫ్ అనే పల్లెలో ఉంది. మిగతా దేశపు నేలలన్నిటికీ దాన్ని బట్టే మార్కులట. వాన మాత్రం అంతంతే. హార్జ్ కొండలు మేఘాల్ని అడ్డుకోవడంతో ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్లు, దాదాపు మన అనంతపురం లెక్క. అంత వానతో ఎకరానికి అంత గోధుమ పండిస్తున్నారంటే, ఆ నేల నీళ్లని పట్టి దాచుకునే తీరు చూసి మా నాయన కుళ్లుకోవాల్సిందే.

నేను ఊహించుకున్నది వేరే. జర్మన్ రైతు జర్మన్ ట్రాక్టరే కొంటాడని, అదీ ఫెంట్ తప్ప ఇంకొకటి ముట్టడని అనుకున్నాను. షెడ్డు తలుపు జరిపేసరికి ఎదురుగా ఎర్రగా, ఇల్లంత ట్రాక్టర్, పేరు క్వాడ్‌ట్రాక్. చక్రాలు లేవు. నాలుగు మూలలా నాలుగు ముక్కోణపు రబ్బరు పట్టాలు, ఒక్కోటీ ముప్పావు మీటరు వెడల్పు. దాని వెనక ఆకుపచ్చ జాన్ డీర్ 8ఆర్, మా ఊరి జాన్ డీర్ దాని పక్కన దూడలా ఉంటుంది. వంగి దాని రేకు చదివాను: వాటర్‌లూ, అయోవా. ఎర్రదేమో నార్త్ డకోటాలోని ఫార్గోలో పుట్టింది. జర్మన్ ఫెంట్ కూడా ఉంది, ఓ పక్కన ట్రాలీకి తగిలించి.

"ఇదేంటి, అంతా అమెరికా సరుకే!" అన్నాను.

డ్రైవరు పెద్దాయన, అరవై దాటుంటాయి, నవ్వాడు. "అమెరికాది ఏది బాబూ? ఆ ఫెంట్ సొంతదారు 1997 నుంచి అమెరికా కంపెనీయే, ఏజీసీఓ. ఈ ఎర్రదాని ఇంజను ఫ్రాన్సులో బూర్బోఁ-లాన్సీలో తయారైంది. జాన్ డీర్ వాళ్లయితే 1956లోనే మాన్‌హైమ్‌కొచ్చి లాంత్స్ ఫ్యాక్టరీ కొనేశారు, ఇవాళ్టికీ 6ఆర్ బళ్లు అక్కడే చేస్తున్నారు. ఇక్కడ నిజంగా సముద్రం దాటొచ్చేవి పెద్దవి మాత్రమే."

పెద్దవే ఎందుకు దాటొస్తాయన్నది నాకు కేబిన్‌లో కూర్చున్నాకగానీ అర్థం కాలేదు.

నిచ్చెనలాంటి మెట్లెక్కి పైకెళ్లాక ఆయన పక్కనున్న మడత సీటు వేశాడు. చెయ్యి ఆన్చుకునే దిమ్మ మీదే బటన్లన్నీ. బొటనవేలితో ఒకటి నొక్కి స్టీరింగు వదిలేశాడు. వెనక ఆరు మీటర్ల కల్టివేటర్ నేలలోకి దిగింది, ఇంజను గొంతు కాస్త బరువెక్కింది, బండి గంటకి పన్నెండు కిలోమీటర్ల దగ్గర నిలబడి పోతూనే ఉంది. ఉపగ్రహం చెప్పినట్టు తనే చాలు పట్టుకుంటోంది. ఆయన ఫ్లాస్కులోంచి కాఫీ వంచి నాకిచ్చాడు. కప్పు తొణకలేదు. నేను మనసులో లెక్క కట్టుకున్నాను: మలుపులూ అవీ పోను గంటకి పదిహేను ఎకరాలు. మా బండి గంటకి ఎకరం. డీజిల్ ఎంత తాగుతుందని అడిగితే, బరువు పడితే గంటకి 80 లీటర్లు దాటుతుందన్నాడు. మా నాయనకి ఈ ఒక్క ముక్క చెప్పకూడదనుకున్నాను.

చాలు చివర ఎప్పుడొస్తుందా అని చూస్తే రాదే! ఆ ఒక్క మడే 80 హెక్టార్లు, అంటే దాదాపు 200 ఎకరాలు. మధ్యలో గట్టు లేదు, గెనెం లేదు, కంప లేదు. దూరాన ఒక పోప్లర్ చెట్ల వరస, అంతే.

"ఈ మడిని ఎవరు చేశారనుకున్నావు? అమెరికావాళ్లు కాదు, ఎల్‌పీజీ వాళ్లు," అన్నాడు పెద్దాయన.

ఎల్‌పీజీ అంటే మనకి గ్యాస్ బండ. ఇక్కడ తూర్పు జర్మనీ నాటి సామూహిక సేద్య సంఘం. 1945లో 100 హెక్టార్లు దాటిన దొరల భూములన్నీ లాక్కుని చిన్న రైతులకి పంచారు. 1952 నుంచి ఆ చిన్న రైతుల్ని సంఘాల్లో చేరమన్నారు, చేరనివాళ్ల మెడలు వంచి 1960 వసంతానికల్లా అందరినీ చేర్చేశారు. గట్లు అప్పుడే పోయాయి. 1990లో దేశాలు ఏకమయ్యాక ఈ సంఘాలు కొత్త చట్టం కింద సహకార సంస్థలుగానో కంపెనీలుగానో మారాల్సొచ్చింది, 1991 ఆఖరు దాకా గడువిచ్చారు. సంఘం పేరు మారింది, మడి మారలేదు. అందుకే ఇవాళ బవేరియాలో సగటు కమతం 35 హెక్టార్ల చిల్లరైతే, ఈ జాక్సెన్-అన్‌హాల్ట్‌లో 250 పైనే. కమ్యూనిస్టులు చెరిపిన గట్ల మీదుగానే అమెరికా బండి లోపలికొచ్చింది. ఎవరికి ఎవరు దారి వేశారో చూడండి!

ఆ మధ్యలో దున్నింది రష్యా బండి. పెద్దాయన పందొమ్మిదేళ్లప్పుడు ఎక్కింది కిరోవెట్స్ కె-700, లెనిన్‌గ్రాడ్‌లో తయారైంది, 200 హెచ్‌పీ పైమాట. స్టీరింగు తిప్పితే చక్రాలు తిరగవు, నడుము దగ్గర బండే విరిగినట్టు వంగుతుంది. క్వాడ్‌ట్రాక్ కూడా అచ్చం అలాగే వంగుతుంది. "రష్యా దాంట్లోంచి అమెరికా దాంట్లోకి మారిన రోజు నాకు కొత్తగా తోచింది ఒక్కటే. చప్పుడు లేదు. మా ఆవిడతో ఫోన్ మాట్లాడొచ్చు. అదొక్కటే నష్టం," అన్నాడు.

తూర్పు జర్మనీ సొంతంగా ట్రాక్టర్లు చెయ్యలేదని కాదు. పొద్దున మేము దాటొచ్చిన షోనెబెక్‌లోనే 1967 నుంచి జడ్‌టీ 300 చేశారు. 90 హెచ్‌పీది, ఇప్పటికీ ఊళ్లలో కట్టెలు లాగుతూ కనబడుతుంది. కానీ 200 ఎకరాల మడికి 90 ఏ మూలకి? అవతల పశ్చిమాన మ్యూనిక్ దగ్గర ఫ్రైజింగ్‌లో ష్లూటర్ అనే కంపెనీ 1978లోనే 500 హెచ్‌పీ ట్రాక్టర్ చేసి చూపించింది. యుగోస్లావియా ప్రభుత్వ క్షేత్రాల కోసమట. తయారైంది ఒక్కటే. బవేరియా కమతాల్లో దాన్ని తిప్పడానికే చోటుండదు మరి. సరుకు చేసిన చోట పెద్ద పొలం లేదు, పెద్ద పొలమున్న చోటికి పోనివ్వకుండా మధ్యలో గోడ. ఆ గోడ కూలాక కూడా ష్లూటర్ నిలదొక్కుకోలేదు, 1993లో ట్రాక్టర్లు ఆపేసింది. నాకు ఈ మొత్తం కథలో జాలేసింది దాని మీదే.

అమెరికాలో అలా కాదు. మిన్నెసోటాలో స్టైగర్ అన్నదమ్ములు తమ పొలానికి సరిపోయే బండి అంగట్లో దొరక్క, 1957-58 చలికాలంలో కొట్టంలో కూర్చుని సొంతంగా ఒకటి బిగించుకున్నారు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు, అదే ఫ్యాక్టరీ అయింది, తర్వాత ఫార్గోకి మారింది. క్వాడ్‌ట్రాక్ ఆ వంశమే. పక్కింటి చేను కూడా అంతే పెద్దది కాబట్టి కొనేవాళ్లున్నారు. స్టైగర్ పేరెత్తగానే పెద్దాయన మళ్లీ నవ్వాడు. పక్కనే ష్టాస్‌ఫుర్ట్‌లో ఒకప్పుడు ఉప్పు, పొటాష్ గనులుండేవి. స్టైగర్ అంటే ఇక్కడివాళ్లకి గనిలో మేస్త్రీ. "మేస్త్రీ పైకొచ్చి దుక్కి దున్నుతున్నాడనుకో," అన్నాడు.

ఆ మాటకొస్తే ఈ నేలకి బయటి యంత్రాలు కొత్త కాదు. 19వ శతాబ్దంలో చక్కెర దుంప కోసం లోతు దుక్కి కావాల్సొచ్చినప్పుడు ఇంగ్లండు లీడ్స్ నుంచి ఫౌలర్ ఆవిరి నాగళ్లు తెచ్చారు. చేనుకి చెరో చివరా ఒక ఆవిరి ఇంజను, మధ్యలో ఇనపతాడు, ఆ తాడుకి కట్టిన నాగలి ఇటూ అటూ. ఫౌలర్ వాళ్లకి మాగ్దెబుర్గ్‌లోనే శాఖ ఉండేది. ఇంగ్లండుది, రష్యాది, అమెరికాది: నేల పెద్దదైనప్పుడల్లా బండి బయట్నుంచే వచ్చింది.

మధ్యాహ్నం దిగాను. పట్టా నడిచిన చోట మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పాతిక టన్నుల బండి. దాని అచ్చు రెండు వేళ్ల లోతు లేదు, అంచులు చెదరలేదు. పక్కన నా బూటు మడమ దానికన్నా లోతుగా దిగింది. మా నాయన తడి పదునులో ట్రాక్టర్ దింపినందుకు నేల అణిగిపోయి, మా పైచేను రెండు పంటల కాలం ఎదగకుండా ముడుచుకుపోవడం నాకు గుర్తే. ఇదే కదా మహిమ అన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. "పైన అచ్చు లేనంత మాత్రాన కింద ఏమీ కాలేదని కాదు. పాతిక టన్నులు పాతిక టన్నులే. వానొచ్చిన మర్నాడు దీన్నయినా దింపం."

ఆకుపచ్చ 8ఆర్ కథ వేరు. అది రోడ్డెక్కాలి. అమెరికా రైతు ధాన్యం లారీలో తోలేస్తాడు, ఇక్కడ ట్రాక్టరే తోలాలి, మన దగ్గరలాగే. మన దగ్గరైతే ధాన్యమే కాదు, పెళ్లివారినీ తోలుతుంది. దాంతో అయోవాలో తయారైనా, ఇక్కడికొచ్చేది ముందు యాక్సిల్‌కి సస్పెన్షనూ, ట్రాలీకి గాలి బ్రేకులూ, రోడ్డు వేగానికి సరిపడే గేర్లూ పెట్టుకుని వస్తుంది. జంట చక్రాలు తగిలిస్తే వెడల్పు 3 మీటర్లు దాటుతుంది, దాటితే ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కకూడదు. ఊరి సందులో రాళ్ల దారి మీద, రెండు వైపులా అరచేయంత సందుతో అది దూరుతుంటే గోడ మీది పిల్లి కూడా లేచి పక్కకి పోయింది. రోడ్డు పనికి ఫెంటే మేలని, మడిలో లాగుడుకి మాత్రం ఈ రెండేనని పెద్దాయన తీర్పు. మోజని కాదు, కొన్నప్పుడు ఆ బలంలో దొరికేవి ఇవేనట.

సాయంత్రం రెండో విడతకి మళ్లీ ఎక్కాను. కేబిన్‌లోంచి మా నాయనకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రయింది, అన్నం తింటున్నాడు. ఇంజను చూపించాను, తెర చూపించాను, చేతులొదిలేసిన స్టీరింగు చూపించాను. ఊఁ అంటున్నాడు తప్ప మాట్లాడ్డం లేదు. ఫోను అద్దం వైపు తిప్పి చేను చూపించాను. ముద్ద కలపడం ఆపి దగ్గరికి పెట్టుకు చూశాడు.

"గట్లేవిరా?"

"లేవు నాయనా. ఎప్పుడో తీసేశారు."

"తీసేస్తే ఎవురిది ఎంతవరకో ఎట్లా తెలుస్తాది? కొట్టుకోరా?"

పెద్దాయనని అడిగాను. ఆయన స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తూ చెప్పాడు: ఈ మడి చాలామంది సొంతదార్లది, అందరికీ రిజిస్టరులో హద్దులున్నాయి, సంస్థ వాళ్లందరి దగ్గరా కౌలుకి తీసుకుని ఏడాదికోసారి డబ్బు కడుతుంది. తనకీ ఉంది ఇందులోనే, వాళ్ల తాతకి వచ్చిన నాలుగు హెక్టార్లు.

"ఎక్కడ?" అన్నాను.

ఆయన పోప్లర్ల వైపు చెయ్యి చాపాడు. మూడో చెట్టు నుంచి ఇటు అన్నాడు. మళ్లీ చూసి, కాదు, నాలుగోది అనుకుంటా అన్నాడు. ఆ మాట తేలేలోపే బండి దాన్ని దాటిపోయింది.