ఆ పడవ ఫొటో ఎవరిది?

సంక్రాంతికి ముందు నా వాటర్‌కలర్ ఒకటి నాలుగు వేలకు పోయింది. పాపికొండల మధ్య నాటుపడవ, తెడ్డెత్తిన ముసలాయన. రెండు రోజులకే ఒకతని మెసేజ్: "అన్నా, బొమ్మ బాగుంది. ఆ ఫొటో నాది."

గుండె ఝల్లుమంది. నెట్‌లో దొరికిన ఫొటోనే. ఆకాశం రంగు మార్చాను, అంతే. తెడ్డు వంపు, నీళ్ల మీద వెలుగు, అన్నీ అతనివే.

"ముప్పై శాతం మారిస్తే మనదే" అని మా బొమ్మలేసేవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. (నేనూ ఇద్దరికి చెప్పాను, సిగ్గేస్తోంది.) చట్టంలో అలాంటి లెక్కే లేదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో కూడా కళాకృతే, తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు హక్కుంటుంది.

పేరుమోసిన చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేసిన బొమ్మకే అమెరికాలో చుక్కెదురైంది. గాయకుడు ప్రిన్స్‌ను 1981లో లిన్ గోల్డ్‌స్మిత్ ఫొటో తీశారు. దాన్నుంచి వార్హోల్ వేసిన బొమ్మను 2016లో ఒక పత్రికకిచ్చి, ఆయన ఫౌండేషన్ 10,000 డాలర్లు తీసుకుంది. 2023లో సుప్రీంకోర్టు 7-2తో గోల్డ్‌స్మిత్ వైపు నిలిచింది.

సగం డబ్బు పంపబోతే అతను వద్దన్నాడు, పేరు వేస్తే చాలట. ఈసారి పాపికొండలకు తనతో రమ్మన్నాడు. కెమెరా మాత్రం నేనే తెచ్చుకోవాలట!