భక్తులు లేని చందనోత్సవం, ఇంట్లో గంధపు సాన

విశాఖ దగ్గర సింహాచలం కొండ మీద వెలసిన వరాహ నరసింహస్వామిని, మన సింహాద్రి అప్పన్నను, ఏడాది పొడవునా మనం చూసేది చందనపు పూతలోనే. కళ్లూ ముఖమూ తెలియకుండా లింగాకారంలో ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ ఒక్కనాడు మాత్రం ఆ పూత తొలగించి నిజరూప దర్శనం ఇస్తారు. అదే చందనోత్సవం. వరాహ ముఖం, మనిషి దేహం, సింహపు తోక. ఆ కొద్ది గంటల కోసం ఉత్తరాంధ్ర పల్లెల నుంచీ, ఒడిశా నుంచీ జనం ముందు రాత్రికే కొండ దగ్గరికి చేరుకుంటారు. చంటిబిడ్డలతో వస్తారు, నడవలేని తల్లిదండ్రులను చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. వైశాఖపు ఎండలో గంటల తరబడి నిలబడితే దర్శనం కొన్ని క్షణాలే. అయినా మరుసటి ఏడాది మళ్లీ వస్తారు.

2020లో ఆ పండుగ ఏప్రిల్ 26, ఆదివారం నాడు వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్. కొండ మీద ఉత్సవం ఆగలేదు, అర్చకులు ఏకాంతంగా జరిపించారు. భక్తులకు మాత్రం ప్రవేశం లేదు. విశాఖలో పుట్టి పెరిగినవారికి ఆ వార్త ఎలా తగిలిందో బయటివారికి చెప్పడం కష్టం. గర్భాలయంలోని నిజరూపం కెమెరాకు అందేది కాదు కనుక టీవీలోనైనా చూద్దామనుకునే వీలు లేదు. స్వామి నిజరూపంలో నిలిచి ఉన్నాడు, చూడటానికి ఊరు రాలేకపోయింది.

ఆ వేసవిలో నేను ఈ ఉత్సవం గురించి చాలా ఆలోచించాను. దర్శనం చేతికి అందనప్పుడు మిగిలిన సేవ ఏమిటని చూస్తే, చందనం మిగిలింది.

స్థలపురాణం ప్రకారం, పురూరవ చక్రవర్తి ఊర్వశితో కలిసి ఈ కొండకు వచ్చేనాటికి స్వామి పుట్టలో కప్పబడి ఉన్నాడు. పుట్టమన్ను తొలగించి అభిషేకం చేస్తే ఆ రూపం బయటపడింది. అప్పుడు ఆకాశవాణి, తొలగించిన మన్ను ఎంత ఉందో అంత చందనం స్వామికి పూయమనీ, ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూపమనీ పలికింది. అన్నాళ్ల తరువాత వెలుగు చూసిన దేవుడు మొట్టమొదట కోరింది తనను మళ్లీ కప్పమని. ఆ కోరిక మీద నాకు ఎనలేని మమకారం.

కప్పడం కూడా ఒక్కరోజులో అయ్యేది కాదు. చందనోత్సవం రాత్రి 3 మణుగులు, వైశాఖ పౌర్ణమికి 3, జ్యేష్ఠ పౌర్ణమికి 3, ఆషాఢ పౌర్ణమికి 3, మొత్తం 12 మణుగులు. మణుగు అంటే పాతకాలపు తూకం. అంత చందనం కోసం పండుగకు ముందు నుంచే ఆలయంలో గంధపు చెక్కల అరగదీత మొదలవుతుంది. నిజరూపానికి కొన్ని గంటలైతే, పూతకు రెండు నెలలకు పైగా పడుతుందన్నమాట. మనం మాత్రం ఆ కొన్ని గంటల గురించే మాట్లాడుకుంటాం, టికెట్ల గురించీ క్యూల గురించీ వాదించుకుంటాం. మిగతా మూడు విడతలు ఏయే రోజుల్లో జరుగుతాయో ఈ ఊళ్లోనే చాలామందికి గుర్తుండదు. అది నాకు బాధగానే ఉంటుంది.

మా ఇల్లు మర్రిపాలెంలో. మేడ ఎక్కితే సింహాచలం కొండల వరుస కనిపిస్తుంది. మామయ్యగారు పోర్టులో పనిచేసి పదవీ విరమణ చేశారు. ఎన్ని పనులున్నా ఏటా చందనోత్సవానికి వెళ్లేవారు. ఆ ఏడాది మార్చి 25న ఉగాది, శార్వరి నామ సంవత్సరం, లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. పచ్చడికి మామిడికాయ ఎదురింటివారు పిట్టగోడ మీద పెట్టి వెనక్కి జరిగితే మేము వెళ్లి తీసుకున్నాం. ఏప్రిల్ 2న శ్రీరామనవమికి వీధిలో పందిరి లేదు, అత్తయ్యగారు పానకం, వడపప్పు ఇంటి మట్టుకే చేశారు. తరువాత రోజులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆవిడ పత్తి ముందు వేసుకుని వత్తులు చేసేవారు. నేను పాత నేత చీరలు కత్తిరించి మాస్కులు కుట్టి వీధిలో పంచేదాన్ని. మా అబ్బాయి మేడ మీద పగిలిన బకెట్లలో మెంతులు చల్లి, మొలకలు వచ్చాయా లేదా అని పూటకోసారి మట్టి కదిపేవాడు. తొమ్మిది గంటలకు నిద్రపోవలసిన పిల్లవాడు పదకొండింటికి తాతయ్యతో అష్టాచెమ్మా ఆడుతూ ఉండేవాడు.

తలుచుకుంటే ఇవన్నీ తీపిగానే ఉన్నాయి. కాని అదే ఇంట్లో అదే వారాల్లో మరొకటీ జరిగింది. మా అమ్మాయి పదో తరగతి. మార్చిలో జరగవలసిన పరీక్షలు వాయిదా పడ్డాయి. పుస్తకం మూస్తే భయం, తెరిస్తే విసుగు. ఒక రాత్రి లెక్కల పుస్తకాన్ని గోడకేసి కొట్టింది. మావారిది ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. కొలిమి ఆపకూడనిది కనుక డ్యూటీ తప్పదు. వచ్చాక పెరట్లో పంపు దగ్గరే స్నానం చేసి, ముందు గదిలో వేరే కంచంలో తినేవారు. పిల్లవాడు దగ్గరికి రాబోతే గట్టిగా అరిచేవారు. వాడు బిక్కమొహంతో తలుపు దగ్గరే నిలబడిపోయేవాడు. ఎన్నడూ గొంతు పెంచని మామయ్యగారు పేపరు రాలేదని అత్తయ్యగారి మీద మండిపడ్డారు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం, ఎవరి ఉగ్రరూపం ఎలాంటిదో ఆ ఏప్రిల్‌లోనే చూశాం. ఆ వసంతంలో చాలా ఇళ్లల్లో ఇదే జరిగిందని నా నమ్మకం.

అందుకే ఆ ఏడాది నిజరూపమన్న మాట నన్ను పట్టుకుంది. మనిషిలోని కోపం, భయం బయటపడితే అదే అసలు మనిషి అనుకుంటాం, దాన్నే పట్టుకుని ఏళ్ల తరబడి ఎత్తిపొడుస్తాం. సింహాచలం ఆచారం నాకు వేరే దారి చూపింది. నిజరూపాన్ని చూడు, చెయ్యెత్తి నమస్కరించు, ఆ రాత్రికే చందనం పట్టించు. ఆ రూపంలోని వేడిమి ఎంతటిదో ఎరిగిన అర్చకులే దాన్ని చల్లబరుస్తారు. అమ్మాయి భయం ఎంత లోతుదో పుస్తకం గోడకు తగిలిన రాత్రి మాకు తెలిసింది. ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆమె దగ్గర మార్కుల ప్రస్తావన తీసుకురాలేదు.

చందనోత్సవం నాడు ఉదయం మామయ్యగారు స్నానం చేసి, కొండ వైపు తిరిగి దండం పెట్టుకుని, లోపలికి వచ్చి సాన దించారు. అత్తయ్యగారి పెట్టెలో పెళ్లినాటి గంధపు చెక్క ఒకటి ఉంది, అరిగి అరిగి బెత్తెడు మిగిలింది. అమ్మాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టారు. గంధం తీయడం చూడటానికి తేలికే. నీళ్లు ఎక్కువైతే గంధం పలచబడి సాన మీద నుంచి జారిపోతుంది. తక్కువైతే చెక్క రాయిని పట్టేసి కీచుమంటుంది. వేలి కొసతో ఒక్కొక్క చుక్క వదులుతూ, చెక్కను నిలువుగా పట్టుకుని, చెయ్యి ఒకే వైపు తిప్పుతూ ఉండాలి. చాలాసేపటి వరకు రాయి తడిసిందనిపిస్తుంది తప్ప ఏమీ కనిపించదు. ఆ తరువాత అంచున సన్నగా ఒక చార చేరుతుంది, దానితో పాటే వాసన లేస్తుంది. అమ్మాయి ఆత్రంగా అదిమి రుద్దుతుంటే మామయ్యగారు, "గట్టిగా నొక్కకమ్మా, చెక్కకు తొందర లేదు" అన్నారు.

పూజగదిలో చిన్న నరసింహస్వామి విగ్రహం ఉంది. ఆ పూట ఇద్దరూ కలిసి తీసిన గంధం ఆ విగ్రహానికి పలచగా ఒక పూతకు సరిపోయింది. పూస్తూ పూస్తూ అమ్మాయి అడిగింది, "తాతయ్యా, ఇంత కష్టపడి తీసిన గంధంతో ముఖమే కనబడకుండా చేస్తామెందుకు?"

"ఆయనకు చల్లగా ఉండాలి కదమ్మా" అన్నారాయన.

ఆ సాన మళ్లీ అటక ఎక్కలేదు. ఎవరికి మనసు బాగోలేకపోతే వారు వెళ్లి దాని ముందు కూర్చునేవారు. మావారు కూడా ఒక సెలవు రోజున చాలాసేపు కూర్చుని గంధం తీశారు. అబ్బాయి దూరంగా నిలబడి వాసన చూస్తూ తండ్రితో కబుర్లు చెప్పాడు.

మే 6 నృసింహ జయంతి. మరునాడు వైశాఖ పౌర్ణమి, స్వామికి రెండో విడత చందనం. ఆ తెల్లవారుజామునే గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో పరిశ్రమ నుంచి స్టైరిన్ అనే విషవాయువు వెలువడింది. నిద్రలో ఉన్న జనం లేచి పరుగెత్తారు. 12 మంది ప్రాణాలు పోయాయి, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ ఊరు సింహాచలానికి ఎంతో దూరం కాదు. ప్రహ్లాదుడి కోసం స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి ఆ రాత్రి ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే, కర్మ అనో లీల అనో చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లుల ముందు అలాంటి మాటలు పలకకూడదు. స్పృహ తప్పి రోడ్డు మీద పడిపోయినవారిని, ఎవరు ఏమిటని చూడకుండా, తమ ఊపిరి సంగతి ఆలోచించకుండా భుజాన వేసుకుని పరుగెత్తినవారిని మాత్రం ఊరంతా టీవీల్లో చూసింది. వారికి రెండు చేతులా నమస్కరిస్తాను. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు. మామయ్యగారు సాన ముందు కూర్చుని, చీకటి పడేదాకా గంధం తీస్తూనే ఉన్నారు.

వైశాఖంలో చేయవలసిన దానాలను మన పెద్దలు చాలా తెలిసి పెట్టారు. మంచినీళ్ల కుండ, మజ్జిగ, విసనకర్ర, గొడుగు, చెప్పులు, గంధం. అన్నీ ఎండన పడిన మనిషి ఒంటికి చల్లదనం ఇచ్చేవే. గుడిలో స్వామికి పూసేదీ, వాకిట్లో బాటసారికి ఇచ్చేదీ ఒకే సేవ అని నాకు ఆ ఏడాది స్పష్టంగా తెలిసింది. మే నెలలో జాతీయ రహదారి మీద, మాకు దగ్గరలోని ఎన్.ఎ.డి. కూడలి గుండా, వలస కూలీలు ఒడిశా వైపు నడిచి వెళుతుండేవారు. నెత్తిన మూటలు, చంకన పిల్లలు. కొందరి కాళ్లకు చెప్పులు లేవు, ఒకాయన అరికాళ్లకు ప్లాస్టిక్ సీసాలు నలిపి గుడ్డతో కట్టుకున్నాడు. మా వీధివారంతా కలిసి మజ్జిగ, పులిహోర పొట్లాలు పట్టుకెళ్లేవారు. అత్తయ్యగారు ఇల్లిల్లూ కబురు పెట్టి వాడని చెప్పులు పోగు చేయించారు. మావారి కొత్త చెప్పులు కూడా ఆ సంచిలోనే వెళ్లాయి. తడిగుడ్డ చుట్టిన మజ్జిగ కుండను పిల్లలు మోసుకెళ్లారు. ఆ వైశాఖంలో మా ఇంటి నుంచి స్వామికి అందిన మూడు మణుగులు అవేనని అనుకుంటాను.

జూన్ 8 నుంచి ఆలయాలు తెరవవచ్చన్నారు. కాని 65 ఏళ్లు దాటినవారు ఇంట్లోనే ఉండాలని సూచన. మామయ్యగారు ఆ సూచనను ఏ ఫిర్యాదూ లేకుండా పాటించారు. ఆ ఏడాది ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ కూడా జరగలేదు. ఆయన మేడ మీద మెంతికూర బకెట్ల మధ్య ప్రదక్షిణలు చేసి, కిందికి వచ్చి నాలుగో విడత గంధం పూశారు. పదో తరగతి పరీక్షలు అప్పటికే రద్దయ్యాయి. అమ్మాయి ఆయన పక్కనే కూర్చుని చెక్క అందుకుంది. 2021లో కూడా చందనోత్సవం ఏకాంతంగానే జరిగింది.

2022 మే 3న మళ్లీ భక్తులను అనుమతించారు. వద్దన్నా వినకుండా మామయ్యగారు మనవరాలిని తోడు తీసుకుని వెళ్లి, క్యూలో నిలబడి, నిజరూపం చూసి వచ్చారు. ఒళ్లంతా చెమట, కళ్లల్లో నీళ్లు. ఎలా జరిగింది దర్శనమని అత్తయ్యగారు ఆత్రంగా అడిగితే, చాలాసేపటికి నోరు విప్పారు.

"చూశాను. కాని అంత ఎండలో, అంత జనంలో ఆయన్ని అలా ఎంతసేపు నిలబెడతారే? తొందరగా చందనం పట్టిస్తే బాగుండును."

అప్పటి నుంచి ఆయన చందనోత్సవం నాటి క్యూకు వెళ్లడం లేదు. వైశాఖ పౌర్ణమికి, రెండో విడత పూత పడ్డాక వెళుతున్నారు.