లిన్ కెలిన్: ఒక లోయ మునిగిన చోట

ఉత్తర వేల్స్‌లోని బాలా పట్టణం దాటి పడమరగా సాగే రహదారి, కొద్ది దూరంలోనే లిన్ కెలిన్ జలాశయపు ఉత్తరపు ఒడ్డును పట్టుకొని నడుస్తుంది. మేము వెళ్ళిన ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉండడంతో, నైరుతి దిక్కున 854 మీటర్ల ఎత్తున నిలిచిన అరెనిగ్ వౌర్ శిఖరం కాసేపు కనబడుతూ, అంతలోనే మరుగవుతూ ఉండింది. చుట్టూ బోడికొండలు, వాటి వాలులలో మేస్తున్న గొర్రెలు. తూర్పు కొసన ఉన్న ఆనకట్ట మట్టితో కట్టినది కావడం వల్ల, ఒళ్ళంతా గడ్డి మొలిచి, అదీ ఒక కొండవాలే అనిపిస్తుంది. చరిత్ర తెలియని బాటసారి దీనిని సహజమైన సరస్సు అనుకొని సాగిపోతే ఆశ్చర్యం లేదు.

ఈ నీటి అడుగున కాపెల్ కెలిన్ అనే గ్రామం ఉండేది. బడి, పోస్టాఫీసు, ప్రార్థనాలయం, దానినానుకొని శ్మశానం, పన్నెండు ఇళ్ళు, పొలాలు. పూర్తిగా వెల్ష్ భాషలోనే బతుకు సాగిన ఊరు. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరపాలక సంస్థ తన పరిశ్రమలకూ ఇళ్ళకూ నీరు కావాలని ట్రవెరిన్ నది పారే ఈ లోయను ఎంచుకొని, వేల్స్‌లోని స్థానిక సంస్థల అనుమతితో పని లేకుండా నేరుగా బ్రిటిష్ పార్లమెంటు చేత 1957లో చట్టం చేయించుకుంది. వేల్స్ ఎంపీలలో దాదాపు అందరూ ప్రతికూలంగా నిలిచినా ఫలితం లేకపోయింది. అంతకు ముందటి ఏడాదే గ్రామస్థులు పిల్లాపాపలతో లివర్‌పూల్ వీధులలో ఊరేగి మొరపెట్టుకున్నారు. నన్ను ఎక్కువగా బాధించినది నీటి అవసరం కాదు, అడగవలసిన వారిని అడగకపోవడం.

1965 అక్టోబరులో జరిగిన ప్రారంభోత్సవం నిరసనకారుల కేకల నడుమ కొద్ది నిమిషాలలోనే ముగిసిపోయింది. మరుసటి ఏడాది కార్మార్థెన్ ఉపఎన్నికలో గ్విన్‌వోర్ ఎవాన్స్ గెలిచి, వెల్ష్ జాతీయవాద పక్షమైన ప్లైడ్ కమ్రీకి తొలి ఎంపీ అయ్యారు. ఆ గెలుపు వెనుక ఈ లోయ రగిల్చిన కోపం కొంతైనా ఉన్నదని చాలామంది భావిస్తారు. లివర్‌పూల్ నగర మండలి క్షమాపణ చెప్పినది 2005లో, అంటే ఊరు మునిగిన నలభై ఏళ్ళకు.

వాయవ్యపు ఒడ్డున, పాత ఊరి రాళ్ళతో కట్టిన చిన్న స్మారక ప్రార్థనాలయం దగ్గర మేము చాలాసేపు ఆగాము. శ్మశానంలోని సమాధి ఫలకాలను ఇక్కడికి తెచ్చి నిలిపారు. కొన్ని భౌతికకాయాలను మాత్రమే కుటుంబాలు వేరే చోటికి తరలించగా, తక్కినవి నీటి కిందనే ఉండిపోయాయి. ఒడ్డునే ఉన్న మరో రాతి ఫలకం, మునిగిన ఒక పొలంలో పూర్వం క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు సమావేశమయ్యేవారనీ, వారిలో కొందరు అమెరికాలోని పెన్సిల్వేనియాకు వలస వెళ్ళారనీ తెలుపుతుంది.

నీరు ఇక్కడి నుంచి గొట్టాలలో లివర్‌పూల్‌కు పోదు. ట్రవెరిన్‌లోకి వదిలిన నీరు బాలా దగ్గర డీ నదిలో కలిసి, చెస్టర్ ప్రాంతం దాకా పారిన తరువాత అక్కడ తోడుకుంటారు. ఆ విడుదల పుణ్యమా అని, వేసవిలో తక్కిన ఏరులు చిక్కిపోయినా ఆనకట్ట దిగువన ప్రవాహం ఉరకలు వేస్తుంది; గాలి పడవలలో యువతీయువకులు కేరింతలు కొడుతూ ఆ వడిలో కిందికి దూసుకుపోతుంటే మేము వంతెన మీద నిలబడి చూశాము.