చెల్లి పెళ్లి గుర్తులు: తలంబ్రాలు, దండ, అడ్డుతెర పని ఎంతవరకు వచ్చిందంటే

మా చెల్లి పెళ్లి ఈ వేసవిలో నారాయణవనంలో చేశాం. పద్మావతమ్మ పెళ్లి జరిగిన ఊరు కదా, ఆ కల్యాణానికి వాడిందని చెప్పే రాతి తిరగలిని అక్కడి గుడిలో ఇప్పటికీ చూపిస్తారు. మా ఇంటి పెళ్లి వస్తువులు కూడా అటక మీద మూటలో పడి ఉండకూడదని, పదిమందికీ కనబడాలని అప్పుడే అనుకున్నాను.

ముందు అవ్వనీ అమ్మనీ కూర్చోబెట్టి ఏవి ఉంచొచ్చో అడిగాను. విప్పిన కంకణాలు, మార్చిన పసుపుతాడు గోడకి పెట్టే వస్తువులు కావని అవ్వ గట్టిగా చెప్పింది. అవి పారే నీళ్లలో వదిలేశాం, నాకూ అదే సరైనదనిపించింది. పట్టుచీర కూడా ఫ్రేములోకి పోదు, అది కట్టుకోవాల్సిందే. ప్లాస్టిక్ కవరు తీసేసి ఉతికిన పాత నూలు పంచెలో చుట్టాం. మూడు నెలలకోసారి మడతలు మార్చాలి, లేకపోతే జరీ ఒకే గీత మీద విరుగుతుంది. కలరా ఉండలు మాత్రం జరీకి తగలనివ్వొద్దు, నల్లబడుతుంది.

తలంబ్రాల పని అయిపోయింది. ఇప్పుడు తలంబ్రాల్లో రంగురంగుల థర్మాకోల్ బంతులు కలుపుతున్నారు కదా, అవన్నీ ఏరేసి బియ్యం, ముత్యాలు మాత్రమే ఉంచాను. నెయ్యి తగిలిన గింజలు కొన్నాళ్లకి వాసన వస్తాయి కాబట్టి టిష్యూతో మెల్లగా అద్ది, నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని కవర్లో వేసి వారం రోజులు ఫ్రీజర్లో పెట్టాను. పురుగు, దాని గుడ్లు అక్కడే చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, మామూలు వేడికి వచ్చేదాకా ఆగకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది. ఇప్పుడు చిన్న గాజు సీసాలో ఉన్నాయి, అడుగున చెమ్మ పీల్చే సిలికా జెల్ గుళికల పొట్లం ఉంది. పసుపు రంగు ఎండకి త్వరగా వెలిసిపోతుంది, అందుకే కిటికీ పక్కన పెట్టలేదు.

దండలో అన్ని పూలూ నిలవవు. మల్లె, లిల్లీ ఎంత జాగ్రత్తగా ఆరబెట్టినా గోధుమరంగుకి తిరుగుతాయి, వాటి మీద ఆశ పెట్టుకోకండి. బంతి బాగా వస్తుంది, ఎర్ర గులాబీ కొంచెం నల్లబడినా అందంగానే ఉంటుంది, మరువం కట్ట కట్టి తలకిందులుగా వేలాడదీస్తే చాలు. పెళ్లయిన మర్నాడే మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పోసి, పూలు మునిగేలా పైన కూడా పోసి పెట్టాను. గులాబీకి నాలుగైదు రోజులు, ముద్దబంతికి వారం దాటి పడుతుంది. రేకు కాగితంలా గరగరలాడితేనే ఆరినట్టు. తిరుమలలో వాడిన పూలని ఆరబెట్టి దేవుడి పటాలు చేయడానికి 2021లో టీటీడీ, వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఒప్పందం చేసుకున్నాయి. ఆ పటాలు చూసే నాకు ధైర్యం వచ్చింది, పూలరేకులతో అంత పని చేయొచ్చని.

రెజిన్‌లో మూడు గులాబీలే వేశాను, పోశాక గాజులా గట్టిపడే ద్రవం అది. లోపల ఏమాత్రం తడి ఉన్నా పువ్వు కుళ్లి బుడగలు వస్తాయి, పైగా ఎంత మంచి రెజిన్ అయినా ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది. మిగతా పూలన్నీ గాజు ఫ్రేముకే ఉంచాను. రెజిన్ పోసేవాళ్లు పొడి రోజు చూసుకోండి, మన దగ్గర కార్తీకం వానల్లో గాలి నిండా చెమ్మే, పైపొర మసకబారుతుంది.

ఇప్పుడు నడుస్తున్నది అడ్డుతెర, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ, శ్రీనివాస కల్యాణం చేత్తో గీసింది, అంచు మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పడిన మరక కూడా ఉంది. ఆ మరక ఉండాల్సిందే, ఉతకను. పసుపు తగిలిన గుడ్డకి సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది, అది మరీ కష్టం. కలంకారీలో నల్లగీతలకి వాడే రంగు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి చేస్తారు. ఆ ఇనుము, గుడ్డకి ముందే పట్టించిన కరక్కాయతో కలిసే నలుపు వస్తుంది, అదే ఏళ్ల తరబడి నూలుని తినేస్తుంది కూడా. పాత గుడ్డలు నల్లగీతల వెంబడే చిరగడానికి కారణం అదే. అందుకే దీన్ని లాగి మేకులు కొట్టకూడదు. గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలుగుడ్డ మీద పరిచి, సన్న సూదితో, నూలు దారంతో, వదులుగా పొడుగు కుట్లు వేస్తున్నాను. పైవైపు కుట్టు అయింది, పక్కలు సగంలో ఉన్నాయి.

ఫ్రేము షాపాయన గమ్ పెట్టి అట్టకి అంటించేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు. రెండంగుళాల లోతున్న ఫ్రేము, అద్దానికీ గుడ్డకీ మధ్య సన్న బద్దలు, వెనక ప్లైవుడ్ నేరుగా తగలకుండా ఆమ్లం లేని మౌంట్ బోర్డు కావాలని అడిగాను. అద్దం తగిలితే చెమ్మకి గుడ్డ అతుక్కుపోతుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అంటిస్తాను, గోడకీ దానికీ మధ్య గాలి ఆడాలి. వానకి తడిసే బయటి గోడ కాకుండా హాల్లో లోపలి గోడ ఎంచుకున్నాం.

బాసికాలు ఇంకా మొదలుపెట్టలేదు. ముత్యాల వరస ఒకటి ఊడింది, ముందు అది కుట్టాలి, తర్వాత శుభలేఖతో కలిపి ఇంకో చిన్న ఫ్రేములో పెడతాను.